నలభై ఒకటో సవరణ

కాశీవిశ్వనాథం గారికి ఒకటే జబ్బు: అచ్చయిన ఏ వాక్యాన్నీ సవరించకుండా వదలలేరు. అశోక్‌నగర్‌లో ఆయన ఇంటి గేటుకు "కుక్క ఉన్నది, జాగ్రత్త" అన్న పలక ఉండేది. దాని కింద ఒక చీటీ: "పై కుక్క గత మాసమున చనిపోయినది." దాని కింద ఇంకో చీటీ: "అయినను జాగ్రత్త." ఆ ఇంట్లోనే వెనక పోర్షన్‌లో నేను కిరాయికుండేదాన్ని కాబట్టి, ఈ సాహిత్యమంతా రోజూ చదివే భాగ్యం నాకు దక్కింది.

ఆయన బందరు మనిషి. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఫైళ్లతోపాటు కర్నూలు నుంచి వచ్చి, ఒక సర్కారు కచేరీలో సెక్షన్ ఆఫీసరుగా స్థిరపడ్డారు. పదమూడేళ్లు మెమోలు రాసీ రాసీ, భార్యను కాఫీ అడగాలన్నా "పై విషయమై" అని మొదలుపెట్టే దశకు చేరారు.

అరవైతొమ్మిదిలో ఉద్యమం వచ్చింది. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా బళ్లూ కాలేజీలూ మూతపడ్డాయి. ఊరంతా ఉద్యోగాల గురించీ ప్రత్యేక రాష్ట్రం గురించీ కొట్టుకుంటుంటే, ఈయనకు మాత్రం ఇళ్లలో ఖాళీగా ఉన్న పిల్లలు కనిపించారు. వరండాలో "విశ్వనాథ వినోద పరిశ్రమ" వెలిసింది. సర్కారు నౌకరు వ్యాపారం చేయకూడదు గనక భార్య బాలత్రిపురసుందరి గారి పేరున పెట్టారు. పరిశ్రమ ఆవిడ పేరున, పిచ్చి ఆయన పేరున.

ఆ పరిశ్రమ తయారుచేసిన సరుకు ఒక్కటే: "పదోన్నతి" అనే పాచికల ఆట. వంద గడుల అట్ట. మొదటి గడిలో బంట్రోతు, నూరో గడిలో కార్యదర్శి. "పెద్దసారు కూతురి పెళ్లికి పందిరి వేయించితివి" అన్న గడిలో పడితే నిచ్చెన. "ఫైలు పూర్తిగా చదివితివి" అన్న గడిలో పడితే మెమో, ఇరవై గడులు కిందికి. ఇంత నిజం చెప్పే ఆటను సర్కారు ఎలా బతకనిచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

అట్టలకు కాగితం అంటించడానికి మురుగునాలా పక్క బస్తీ నుంచి బాలనాగమ్మ, ఆమె వెంట నలుగురు ఆడవాళ్లు వచ్చేవారు. పాలమూరు జిల్లా నుంచి ఇళ్లు కట్టే పనికి వచ్చినవాళ్లు. బందులతో, కర్ఫ్యూలతో ఆ పనులన్నీ ఆగిపోయాయి. మా మహిళా సంఘం తరఫున నేను గంభీరంగా బియ్యం మూట పట్టుకెళ్తే బాలనాగమ్మ కనీసం ముట్టుకోలేదు.

"పనుంటె చెప్పు రాజక్కా. ఊకె ఇచ్చింది మేం తినం. పని దొరక్కుంటె ఊరికి పోతం."

"ఊళ్లో ఏముంది?"

"ఏం లేదు. అందరం కలిసి పస్తులుంటం."

మూడు వందల అట్టలు అంటించడం, అమ్మడం నెల తిరగకుండానే అయిపోయాయి. సరిగ్గా అప్పుడే కాశీవిశ్వనాథం గారి జబ్బు ముదిరింది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, 37వ గడిలోని నిచ్చెనను 39వ గడిలోనిదిగా చదువుకొనవలెను." ఇది మొదటి సవరణ. చదువుకోమని వదిలేస్తే ఆయన కాశీవిశ్వనాథం ఎలా అవుతారు? సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి, అమ్మిన అట్టలన్నీ వెనక్కి తెచ్చారు. ఆడవాళ్లు కూలికి చీటీలు అంటించారు. ఆయన మళ్లీ ఇంటింటికీ చేరవేశారు. వచ్చే ఆదివారం రెండో సవరణ. ఆపై ఆదివారం మూడోది.

నారాయణగూడలో జగన్నాథరావు అనే వకీలు గారి అబ్బాయి తొంభై ఎనిమిదో గడిలో ఉండగా ఈయన వెళ్లి అట్ట లాక్కున్నారు.

"తాతగారూ, రెండు పడితే కార్యదర్శినైపోతా! ఒక్క పందెం!"

"కుదరదు నాయనా. నీవున్న గడి సవరణలో ఉన్నది."

"మరి నేనెక్కడుండాలి?"

"ఉత్తర్వులు వచ్చేవరకు ఎక్కడా ఉండకు."

వకీలు గారు లోపల్నుంచి ఊడిపడ్డారు. "ఏమండీ, మావాడు గెలిచే ఆటను ఎత్తుకుపోతారా? నోటీసిస్తాను!"

"ఇవ్వండి. పంపే ముందు ఓసారి చూపించండి, దిద్దిపెడతాను."

పన్నెండో సవరణ తొమ్మిదోదాన్ని రద్దు చేసింది. పదిహేనోది పన్నెండోదాన్ని రద్దు చేసి, తొమ్మిదోదాన్ని "పునరుద్ధరించడమైనది" అంది. బాలత్రిపురసుందరి గారు వంటింట్లోంచి మొత్తుకునేవారు: "అమ్మాయ్, ఇంట్లో మైదా అంతా జిగురుకే పోతోంది. ఈయనక్కూడా ఓ చీటీ రాసి గోడకంటించెయ్!"

నేనూరుకుంటానా? వరండాలో నిలబడి ఉపన్యాసమిచ్చాను. "చదువు రాని ఆడవాళ్ల చేత ఈ పనికిమాలిన చాకిరీ ఏమిటండీ? ఇది కడుపు నిండిన గుమాస్తా విలాసం కాదూ?"

"తమ విన్నపము పరిశీలనలో ఉన్నది" అని ఆయన కత్తెర కోసం వెతుక్కున్నారు.

డిసెంబరు నాటికి బళ్లు తెరిచారు గానీ కట్టడాలు ఇంకా మొదలుకాలేదు. సవరణలు నలభైకి చేరాయి. ఈ మనిషి మీద ఘాటుగా ఒక వ్యాసం రాద్దామని, అసలు ఆటలో ఎన్ని తప్పులున్నాయో లెక్కతీయడానికి నారాయణగూడలో దాన్ని అచ్చువేసిన ప్రెస్సుకు వెళ్లాను. యజమాని రామచంద్రయ్య పడీపడీ నవ్వాడు.

"తప్పులా? పదకొండుసార్లు ప్రూఫు దిద్దిండమ్మా ఆయన! నేను ప్రెస్సు పెట్టినంక ఒక్క తప్పు లేకుండ అచ్చయిందంటె గది ఒక్కటే."

నిజమే. మొదటి అట్ట నిక్షేపంలా ఉంది. నలభై సవరణలూ బాగున్నదాన్ని చెడగొట్టడానికీ, చెడగొట్టినదాన్ని బాగు చేయడానికీ పుట్టినవే.

ఇంటికొచ్చి నిలదీశాను. ఆయన కంగారుగా తలుపు దగ్గరికి వేశారు.

"మెల్లగా అమ్మాయ్! ఊరికే ఇస్తే ఆ బాలనాగమ్మ తీసుకోదు. ఇవ్వబోయి ఓసారి చీవాట్లు తిన్నాను. తప్పుంటేనే దానికి పని. కానీ ఇక నావల్ల కావడం లేదు. ఎంత వెతికినా ఒక్క తప్పూ తోచడం లేదు. రేపు పొద్దున వాళ్లు ఊరికి వెళ్లిపోతున్నారు."

నా వ్యాసానికి అక్కడికక్కడే రద్దు ఉత్తర్వు పడింది. వరండాలోకి వెళ్తే బాలనాగమ్మ చివరి అట్ట తుడుస్తోంది.

"ఏందక్కా, సారును పరేషాన్ చేస్తున్నవ్?"

"ఈ సవరణల సంగతి నీకు తెలుసా?"

"సదువు రాదు గని కండ్లు లేవా? చీటీ మీద చీటీ పడి అట్ట పీట లెక్క అయింది."

"మరి అడగలేదేం?"

"అడిగితె సారు సిగ్గుపడ్తడు. పని మాత్రం సాఫ్‌గ చేసినం. ఒక్క మూల లేవనియ్యలె." ఆమె వేలు అట్ట అంచున ఆగింది. "దీని సుట్టున్న గడులన్నిటి మీద చీటీలు పడ్డయి, గీ గడి మీద ఒక్కటి గూడ పడలె. ఏం రాసుంది?"

చదివాను. "పాలమూరుకు బదిలీ. శిక్షగా మూడు పందేలు ఆడరాదు."

బాలనాగమ్మ తుడుపుగుడ్డ కింద పెట్టింది. "మా ఊరు పోతె శిక్షనా?"

గడపలో కాశీవిశ్వనాథం గారు. ఇన్నేళ్ల సర్వీసులో మొదటిసారి ఆయనకు పై విషయం దొరకలేదు. "అది... కచేరీలో అందరూ అలాగే అంటారమ్మా. నాకు తప్పనే తోచలేదు."

"నీళ్లు లేవనే గద భయం? గట్లయితె గిట్ల రాయి సారూ. పాలమూరు వచ్చిన ఆఫీసరు బాయి తవ్వినంకనె కదలాలె."

ఆయన ముఖం వెలిగింది. పెన్ను తీశారు. "నలభై ఒకటో సవరణ! ఆరు పడిన యెడల బావి తవ్వినట్లు..."

"మా దగ్గర ఒక్క ఆరుకు నీళ్లు పడవు సారూ. వరుసగ మూడు పడాలె."

అలాగే రాశారు. ఊరి ప్రయాణం ఆ ఒక్క వారానికి ఆగింది. చీటీలు అంటించారు, అట్టలు ఇళ్లకు చేరాయి. ఆ ఆదివారం అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ పిల్లలందరూ ఒకరి వెనక ఒకరు వెళ్లి పాలమూరులో ఇరుక్కుపోయారు. ఒక్కరికీ నీళ్లు పడలేదు. వకీలు గారబ్బాయి పొద్దుపోయేదాకా తవ్వి ఏడ్చాడట.

సోమవారం పొద్దున్నే గేటు ముందు తల్లిదండ్రుల గుంపు. "ఇదేం అన్యాయమండీ? పిల్లలు అక్కడే మగ్గిపోవాలా?"

"మరి అక్కడున్నవాళ్లు మగ్గడం లేదా?" అని నేనందుకోబోయాను గానీ నన్నెవరూ పట్టించుకోలేదు. కాశీవిశ్వనాథం గారు గుంపు మధ్యలో నిలబడి, ఒక్కొక్క ఫిర్యాదునూ కళ్లకద్దుకోకుండా ఎలాగో నిగ్రహించుకుంటూ తీసుకుంటున్నారు.

"ఇరవై రెండు అమ్మాయ్! ఒక్కోదానికి ఒక్కో సవరణ!"

బాలనాగమ్మ గోడ మీదుగా బస్తీ వైపు తిరిగి కేకేసింది.

"మూటలు విప్పుండ్రే! సారు ఈసారి నిజంగనె తప్పు చేసిండు!"