మా తోడికోడలి పెండెం కుండ

నాకు జీవితంలో చాలామంది మీద కుళ్లు పుట్టింది. హాస్టల్లో నాకంటే పొడుగు జడ ఉన్న అమ్మాయి మీద పుట్టింది, నాకంటే ముందు ఉద్యోగం తెచ్చుకున్న సొంత చెల్లెలి మీద పుట్టింది. అవన్నీ జ్వరాల్లా వచ్చిపోయాయి. మా తోడికోడలి మీద పుట్టింది మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోయింది. ఆవిడ మా బావగారి భార్య. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. నన్ను ఒక్క మాట అని ఎరగదు. అదొక కారణం కూడా కావచ్చు. ఒక్కసారి తిట్టినా నాకు కాస్త సాయంగా ఉండేది.

తొంభైల మధ్యలో నేను జి.మాడుగులకు పైనున్న ఒక కొండ ఊరికి కోడలిగా వెళ్లాను. పదో తరగతి పాసైన కోడలు ఆ ఊరికి నేనే మొదలు. ఆశ్రమ పాఠశాలలో హాస్టల్ ఉప్మా తిని పెరిగిన దాన్ని. మా అమ్మ పెండెం చేసే రోజుల్లో నేను బడిలో ఉండేదాన్ని. సెలవులకు ఇంటికొచ్చేసరికి అది తాగడానికే ఉండేది, నేర్చుకోవడానికి కాదు. పెండెం అంటే చోడి కల్లు. చోళ్లు, అంటే రాగులు, మొలకెత్తించి, ఎండబెట్టి, తిరగలిలో విసిరి, ఆ పిండిని చోడి జావలో కలిపి కుండలో పులియబెడతారు. చెప్పడానికి ఇంతే.

రెండేళ్లకు అన్నదమ్ములు వేరుపడ్డారు. వాకిలి ఒకటే, పొయ్యిలు రెండు. కొండవాలులో చెరో చెక్క నేల వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు, ఆ ఊళ్లో పెండెం చేయడం రాకపోతే ఏమవుతుందో. చోడి చేనుకు కలుపు తీయడానికి ఇద్దరు మనుషులు చాలరు. రెండు వానల మధ్య దొరికిన తెరిపిలో ఊరంతా కలిసి ఒకరోజు ఒకరి చేనులో, మర్నాడు ఇంకొకరి చేనులో దిగాలి. కూలి ఉండదు. ఆ రోజు చేను ఎవరిదైతే వాళ్లు కుండ నిండా పెండెం, కాస్త కూడు పెట్టాలి. పిలిస్తే రామని ఎవరూ అనరు. కాకపోతే కుండ మంచిదైతే మంచు ఆరకముందే వస్తారు. మంచిది కాకపోతే పొద్దెక్కాక, ఇంటికో మనిషి చొప్పున, మొహమాటానికి వస్తారు.

మా తోడికోడలి చేనుకు మంచు ఆరకముందే వచ్చేవాళ్లు.

నా మొదటి ప్రయత్నాల గురించి ఇప్పుడు నవ్వుతూ చెప్పగలను గానీ అప్పుడు ఏడ్చాను. మొదటిసారి చోళ్లు నానబెట్టి నీళ్లు వంచకుండా ఉంచేశాను. మూడోనాటికి ఇల్లంతా కంపు. రెండోసారి అడ్డాకుల్లో మూటగట్టి సరిగ్గానే మొలకెత్తించాను గానీ, వాన పట్టిందని పొయ్యి మీద పెనంలో వేయించి ఆరబెట్టాను. చక్కటి వాసన వచ్చింది. ఎంత కలిపినా జావకు తీపి మాత్రం రాలేదు. మూడోసారి మొలకపిండి బాగుంది, జావ బాగుంది, నాకే తొందర. కుతకుతలాడే జావలో పిండి కుమ్మరించాను. అది గోడకు అతికించే పేస్టులా తయారైంది.

వాకిలి అవతల నుంచి ఆవిడ ఇదంతా చూస్తూనే ఉంది. నేను అడగలేదు. నా చదువు అడగనివ్వలేదు. చివరికి ఆవిడే వచ్చి జావలో చూపుడువేలు పెట్టి చూపించింది. వేలు లోపల ఉంచి, మనింటి వాళ్లందరి పేర్లూ మనసులో ఒకసారి అనుకునేంతసేపు ఓర్చుకోగలిగితే అప్పుడు పిండి కలపాలట. పేర్లు పూర్తికాకముందే వేలు లాక్కోవాల్సి వస్తే ఇంకా ఆగాలి. ఆ లెక్క విని నాకు నవ్వొచ్చింది. లెక్కల్లో నాకు మంచి మార్కులు వచ్చేవి మరి. అయినా అలాగే చేశాను. ఒక ఝాముకు జావ నోట్లో వేసుకుంటే పానకంలా ఉంది. ఆ రోజు గెలిచాననుకున్నాను.

గెలవలేదు. తియ్యటి జావ కుండలోకి వెళ్లాక నాలుగు రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. పొంగదు, బుడగ రాదు. అయిదోనాడు పుల్లటి నీళ్లలా తయారైంది. ఆ నీళ్లతోనే కలుపుకు పిలిచాను. పదిమందీ పొద్దెక్కాక వచ్చారు. మర్యాదగా తలా ఒక డొప్ప తాగారు. పక్కింటి ముసలమ్మ ఆకు డొప్ప కింద పెట్టి, మూతి తుడుచుకుని అంది:

"సదువుకున్న గుంట గదా, నీళ్లు బాగానే కాసింది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మధ్యాహ్నానికి సగం మంది ఏవో పనులు గుర్తొచ్చి వెళ్లిపోయారు. మిగిలిన కలుపు నేనూ మా ఆయనా వారం రోజులు వానలో తడుస్తూ పీకాం. అప్పటికే అది చోళ్ల కంటే ఎత్తు లేచింది. ఆ ఏడు మా చేను పండింది పిట్టలకే చాలలేదు. పైగా సాయంత్రమైతే మా ఆయన వాళ్లన్న ఇంటి అరుగు మీద కూర్చుని ఆవిడ పెండెం తాగి, తృప్తిగా మూలుగుతూ వచ్చేవాడు. ఆ మూలుగు వింటే నాకు కడుపు మండిపోయేది. ఒకరోజు కూడు పెట్టకుండా పడుకున్నాను. ఎందుకో అతనికి ఈనాటికీ తెలీదు.

ఇక నాకు ఒకటే అనుమానం. ఆవిడ ఏదో దాస్తోంది. గూడెం కొత్తవీధి వైపు అమ్మాయి, వాళ్ల అడవిలో ఏదో వేరు ఉండి ఉంటుంది, అది రహస్యంగా కలుపుతోంది. మరుసటి ఏడు ఆవిడ కుండ వేసే రోజున ఏదో వంకతో నాలుగుసార్లు వాళ్లింట్లోకి వెళ్లాను. పెసలు అడగడానికి ఒకసారి, నిప్పు కోసం ఒకసారి. నా వెతుకులాట ఆవిడ కనిపెట్టినట్టుంది, పీట వేసి కూర్చోబెట్టింది. కళ్లు చిట్లించుకుని మొదటి నుంచి చివరిదాకా చూశాను. వేరు లేదు, మందు లేదు. నేను చేసిందే ఆవిడా చేసింది. ఒక్క తేడా. జావ పోసే ముందు ఆవిడ కుండ కడగలేదు. అటక మీంచి దించి, ఊది, అలాగే పోసేసింది. లోపల అడుగున పాత పెండెం తాలూకు మడ్డి గోధుమరంగు చెక్కులా అంటుకుని ఉంది.

నేనైతే ప్రతిసారీ కుండను సబ్బుపొడితో తోమి, సలసల కాగే నీళ్లు పోసి కడిగేదాన్ని. హాస్టల్ వార్డెను నేర్పిన శుభ్రం అది. అందుకే ఆవిడతో మొహమ్మీదే అన్నాను, ఇంత మురికిలో పోస్తే రోగాలు వస్తాయని. ఆవిడకు కోపం రాలేదు.

"మురికి కాదు సెల్లీ. దాని వల్లే పొంగుతాది. నా మడ్డి పిడికెడు అట్టుకెళ్లు, నీ కుండలో ఏసుకో."

అక్కర్లేదన్నాను. వచ్చేశాను. దారిలో, దారంటే పది అడుగుల వాకిలి, నాకు పదో తరగతి సైన్సు పుస్తకం గుర్తొచ్చింది. కిణ్వప్రక్రియ గురించి రాయుము. నాలుగు మార్కుల ప్రశ్న. ఈస్టు అనే సూక్ష్మజీవి చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది అని అక్షరం పొల్లుపోకుండా రాసి నాలుగుకు నాలుగు తెచ్చుకున్నాను. ఆ ఈస్టును రెండేళ్లుగా వేడినీళ్లు పోసి నేనే చంపుతున్నాను. ఆ సంగతి నాకు తట్టనే లేదు, సంతకం పెట్టడం రాని ఆవిడ చెప్పాల్సి వచ్చింది. సిగ్గుపడాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది.

ఆ ఏడూ నా కలుపు అంతంతమాత్రమే.

ఆ పై ఏడు, వానలు పట్టాక, వాళ్లమ్మకు జబ్బు చేసిందని కబురొచ్చి ఆవిడ పుట్టింటికి వెళ్లింది. పిల్లల్నీ వెంట తీసుకెళ్లింది. బావగారు పగలంతా చేనులోనే. కోళ్లను చూడమని, పొయ్యి వెలిగించి ఇల్లు చెమ్మెక్కకుండా కాపాడమని నాకు అప్పగించి వెళ్లింది. రెండోరోజున అటకెక్కి ఆ కుండ దించాను. అడుగున ఉన్న మడ్డి గరిటెతో గీకి నా కుండలో వేసుకున్నాను. అక్కడితో ఆగితే అది దొంగతనం కూడా కాదు, ఆవిడ ఇస్తానన్నదే.

అక్కడితో ఆగలేదు. కుండ ఎత్తుకుని గెడ్డ నీళ్ల దగ్గరికి వెళ్లాను. సబ్బుపొడి, ఎండుగడ్డి పట్టుకెళ్లాను. గోళ్లు నొప్పెట్టేదాకా తోమాను. ఇంటికి తెచ్చి కాగే నీళ్లు పోశాను, ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ నీళ్లు ఏం చేస్తాయో నాకు తెలిసినంత ఆ ఊళ్లో ఎవరికీ తెలీదు. శుభ్రం చేసి పెడుతున్నాను, అంతేగా అని పైకి గొణుక్కున్నాను. వినేవాళ్లు లేరు. అబద్ధం నాకే చెప్పుకున్నాను, నేనే నమ్మలేదు. కుండ మళ్లీ అటకెక్కించి కోళ్లకు నూకలు వేశాను.

నా కుండ మూడోనాడే పొంగింది. మూత తీస్తే లోపల చిన్నగా సుయ్‌మంటోంది. తీపి, పులుపు, వెనకాల సన్నటి ఘాటు. ఆ పొంగు చూసి నేను పొయ్యి ముందు ఒక్కదాన్నే నవ్వాను. కలుపు రోజున వచ్చినవాళ్లు రెండో డొప్ప అడిగారు, మూడోది అడిగారు. ఎవరూ మధ్యాహ్నం ఇంటికి పోలేదు. పాటలు పాడుతూ పొద్దుగూకకముందే చేను శుభ్రం చేశారు. ముసలమ్మ మాట తిప్పేసి, గుంటకు చెయ్యి తిరిగిందంది. మా ఆయన ఆ సాయంత్రం మా అరుగు మీదే కూర్చున్నాడు. ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ రెండు మూడు రోజులు నేను నేల మీద నడవలేదు.

ఆవిడ రెండు వారాలకు తిరిగొచ్చింది. వాళ్లమ్మ కోలుకుంది. కుండ దించి లోపల చెయ్యి పెట్టి తడిమింది. కడిగేవా సెల్లీ అని అడిగింది. బూజు పట్టింది అప్పా, అందుకే అన్నాను. ఆవిడ ఒక్క క్షణం కుండలోకి చూసి, పోన్లే, మంచిపనే చేశావంది.

జావ కాచి పోసింది. పొంగలేదు. పారబోసి, ఎండలప్పుడు దాచుకున్న మొలకపిండి మిగిలింది తీసి మళ్లీ పోసింది. మళ్లీ పొంగలేదు. వాళ్ల చెక్క మాదానికంటే పెద్దది. కలుపు మోకాలెత్తు లేచింది. ఆకాశం చూస్తే మళ్లీ ముసురు పట్టేలా ఉంది. నలుగురు పిల్లలు ఆ చేను మీదే బతకాలి. ఇదంతా నేను నా గుమ్మంలోంచి చూస్తున్నాను. మొదటి కుండ పోయినప్పుడు, నిజం చెప్తున్నాను, నాకు హాయిగా అనిపించింది. రెండోది పోయినప్పుడు హాయి పోయింది గానీ నోరు మాత్రం పెగల్లేదు.

మర్నాడు ఉదయం ఆవిడ చిన్న గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

"నా కుండ సచ్చిపోనాది సెల్లీ. నీ మడ్డి పిడికెడు ఎట్టు."

కిందటేడు ఆవిడ ఇవ్వజూపితే నేను వద్దన్న పిడికెడు. ఇప్పుడు నా దగ్గరున్నది అదే, ఆవిడదే. లోపలికి వెళ్లి కుండ ముందు కూర్చున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. అంతకంటే హీనమైన పని ఇంకోటి చేశాను. గరిటెతో నిండుగా తీసి, మళ్లీ సగం వెనక్కి పోసి, సగమే ఇచ్చాను. ఆవిడ రెండు చేతులతో తీసుకుంది.

ఆ సగంతోనే ఆవిడ కుండ పొంగింది. కలుపు రోజున మంచు ఆరకముందే ఊరు మొత్తం వాళ్ల చేనులో దిగింది. నేనూ వెళ్లాను, వెళ్లక తప్పదు. పొద్దు నడినెత్తికి వచ్చాక అందరం గట్టు మీద కూర్చున్నాం. ఆవిడ ముందు నేల మీద నాలుగు చుక్కలు పోయిన పెద్దలకు వదిలి, ఆనపబుర్రతో డొప్పల్లో పోసింది. నేను ఒక గుక్క తాగాను. నాదానికంటే బాగుంది. నా మడ్డి, నేను సగం తగ్గించి ఇచ్చిన మడ్డి, అయినా నాదానికంటే బాగుంది.

పక్కింటి ముసలమ్మ డొప్ప ఖాళీ చేసి, ఇలాటి చెయ్యి ఈ కొండ మీద ఇంకొకటి లేదంది. మిగతావాళ్లూ అవునన్నారు. మా తోడికోడలు ఆనపబుర్ర కింద పెట్టింది. అందరికీ వినపడేలా చెప్పింది:

"నా సేతిది కాదర్రా. నా కుండ సచ్చిపోతే మా సెల్లి పేణం పోసింది. ఇది దాని పెండెం. దాన్ని మెచ్చుకోండి."

పాతికమంది తలలు తిప్పి నా వైపు చూశారు. ముసలమ్మ నా వీపు నిమిరింది. మూడేళ్లుగా నేను ఏ మాట కోసం కుళ్లి చచ్చానో అదే మాట, ఊరందరి ముందు, ఆవిడ నోటితోనే వచ్చింది. తలెత్తలేక డొప్పలోకి చూస్తూ కూర్చున్నాను. సిగ్గేసింది, అది నిజమే. లేచి నిజం చెప్పేయాలని కూడా అనిపించింది. ఆ రెండింటికంటే ముందు మాత్రం, ఆ మాట అంత సుళువుగా, ఏమీ పోగొట్టుకోనట్టు అనగలిగినందుకు, ఆవిడ మీద నాకు మళ్లీ కుళ్లే పుట్టింది.