మైనపు తాళం

ధూల్‌పేటలో విగ్రహాలు చేసే భిక్షపతి ఇంట్లో, కోడలు స్వరూపది ఒకటే పని: వినాయకుడికి కళ్ళు దిద్దడం. ఆమె కుంచె తీయగానే ప్లాస్టర్ బొమ్మ మనల్ని చూడటం మొదలుపెడుతుంది. అందుకే విగ్రహం షెడ్డు దాటి వీధిలోకి వచ్చాకే కళ్ళు పెట్టాలి. గుమ్మంలో ఇరుక్కుంటే కోయాల్సి రావచ్చు, కళ్ళు తెరిచిన దేవుడి మీద రంపం పెట్టరు.

నిన్న సాయంత్రం ఆమె లోపలే దిద్దేసింది. తెల్లారితే దూరవిద్య డిగ్రీలో ఆఖరి పరీక్ష. పెళ్లైనప్పటి నుంచి వాయిదా పడుతూ వచ్చిన చదువు దీంతో పూర్తవుతుంది.

పొద్దున విగ్రహాన్ని వీపు ముందుగా బయటికి జరుపుతుంటే, చాపిన చెయ్యి షెడ్డు గుమ్మంలో ఇరుక్కుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు. ఇంట్లోంచి వీధిలోకి దారి ఆ షెడ్డు గుండానే. అవతల మామ, మొగుడు, ఊరేగింపుకొచ్చిన బ్యాండువాళ్లు. ఇవతల హాల్‌టికెట్టుతో స్వరూప.

"చెయ్యి కోసి మళ్ల అతికియ్యరాదు, మామా?"

"కండ్లు వెట్టినంక రంపమా? లోపల్నే దిద్దుమని ఎవలు చెప్పిండ్రు నీకు?"

"పరీక్ష మళ్లొకసారి రాస్తవు తియ్. గిప్పుడే కలెక్టర్ అయితున్నవా ఏంది?" అన్నాడు మొగుడు మనీష్. బ్యాండువాళ్లు నవ్వారు.

విగ్రహం ఆమెనే చూస్తోంది, ఆమె పెట్టిన చూపుతోనే. పరీక్షలో తప్పక వచ్చే ప్రశ్న ఒకటుంది: 'మైనపు తాళం' అనే నవల పేరు దేనికి ప్రతీక? తాళమంటే అత్తిల్లు, మైనమంటే కాలంతో కరిగే ఆచారం అని గైడులో ఉంది. స్వరూప అదే బట్టీపట్టింది. కానీ ఆ నవల నాయిక ముసలిదయ్యేదాకా తాళం వైపు చూస్తూ కూర్చుంటుంది, ఒక్కసారీ దాన్ని పట్టుకోదు. పట్టుకుంటే అరచేతి వేడి చాలు. గైడులో ఆ ముక్క లేదు.

స్వరూప స్టూలెక్కి తెల్లరంగులో కుంచె ముంచింది. దండం పెట్టుకుని ఒక కన్ను మీద, తర్వాత రెండో కన్ను మీద పూసింది. పాలమీగడ కింద మునిగినట్టు చూపు మునిగిపోయింది.

"మామా, కండ్లు మూసిన. ఇగ కొయ్యి."

అవతల నుంచి రంపం చప్పుడు మొదలైంది.

చెయ్యి తెగి విగ్రహం కదిలింది. వెనకే స్వరూప పొడి దులుపుకుంటూ వీధిలోకి వచ్చింది. తెగిన చెయ్యి అతికించి, భిక్షపతి తలెత్తకుండానే కుంచె చాపాడు.

"దిద్దిపో బిడ్డా. గుడ్డి దేవుణ్ని ఎట్ల పంపియ్యాలె?"

దిద్దుతూ కూర్చుంటే పరీక్ష పోతుంది. అందరూ ఆమె చేతినే చూస్తున్నారు. గుమ్మం కంటే వీధే ఇరుకనిపించింది.

"అతికిన చెయ్యి ఆరొద్దా మామా? రాసొచ్చి దిద్దుత."

ఎవరూ పక్కకు జరగలేదు. ఆమె డప్పుల మధ్య నుంచి పక్కవాటుగా దూరి, ఆటోకి చెయ్యెత్తింది.