నలభై గళ్లలో పట్టని పేరు

తప్పు తనదేనని పదిమందిలో చెప్పేసి, ఆ వెంటనే బెల్లం ముక్క కొరుక్కుంటూ టీ తాగగలిగిన మనిషి కురునేగలలోని మా ఆఫీసులో యసోమాలి అక్క ఒక్కతే. మిగతావాళ్లం కంప్యూటర్ మీదకు తోసేసేవాళ్లం. తోసేవాళ్లలో నేను ముందుండేదాన్ని.

అక్క సి భాషలో ప్రోగ్రాములు రాసేది. ఊళ్లోని ఒక ఆసుపత్రిలో, రోగుల దగ్గర పరీక్షకు తీసే రక్తం సీసాలకు పేరు చీటీలు అచ్చువేసే ప్రోగ్రాం ఆమెదే. అది పెట్టిన మూడో రోజు పొద్దున అక్కడి హెడ్ నర్సు పియసీలి ఫోన్ చేసింది.

"ఏమ్మా, మీ మిషన్‌కి కళ్లున్నాయా? ఇద్దరు ఆడవాళ్లు, రెండు సీసాలు, ఒకటే పేరు! సాయంత్రం ఇద్దరికీ రక్తం ఎక్కించాలి. గ్రూపులు వేరు!"

"చీటీలో ఏముందో చదవండి నోనా," అంది అక్క, మేడమ్ అన్నంత మర్యాదగా.

"హేరత్ ముదియన్సేలాగే తికిరి బండాలాగే ఎస్. అక్కడితో సరి! ఎస్ అంటే సుదు మేణికేనా, సీలవతా? పిలిస్తే ఇద్దరూ చెయ్యెత్తుతున్నారు. సీసాలు పారబోయించాను. రెండింటిలోగా బాగుచేస్తారా, నన్ను పెన్ను పట్టుకోమంటారా?"

మాకు వంశం పేరు ముందు, మనిషి పేరు చివర. రోజువారీ బతుకులో ఆ వంశాన్నంతా రెండు పొడి అక్షరాల్లో దాచేస్తాం. అక్క ప్రోగ్రాంను పరీక్షించింది కూడా ఎ.ఎమ్. యసోమాలి అన్న పేరుతోనే. ఆసుపత్రిలో మాత్రం గుర్తింపు కార్డులోని నిండు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తారు. ప్రోగ్రాంలో పేరుకు అక్క ఇచ్చినవి గడికో అక్షరం చొప్పున నలభై గళ్లు, చివరిది ముగింపు గుర్తుకు పోతుంది. ముప్పై తొమ్మిది అక్షరాలు దాటగానే ప్రోగ్రాం కిమ్మనకుండా కత్తిరించేసింది. వంశం మిగిలింది, మనిషి ఎగిరిపోయింది.

"తప్పు నాదే," అంది అక్క.

యజమాని రణవీర మహత్తయ తేలిగ్గా తీసిపారేశాడు. "నలభైని నూట ఇరవై చెయ్, పీడ పోతుంది."

"నూట ఇరవై ఒకటి వస్తే?"

"అంత పేరు ఎవడు పెట్టుకుంటాడమ్మా?"

"మన జిల్లాలో కూర్చుని అడుగుతున్నారా ఆ మాట?"

నాకు నవ్వాగలేదు. అక్క గళ్ల లెక్కే తీసేసి, ఏఎస్‌ప్రింటెఫ్ అనే రెడీమేడ్ ఫంక్షన్ వాడింది. దానికి పేరు, వార్డు, నంబరు ఇస్తే చాలు. మొత్తం ఎంత పొడుగవుతుందో అదే కొలుచుకుని, మెమరీలోంచి సరిగ్గా అంత చోటు తీసుకుని, రాసి చేతికిస్తుంది. అక్క వాళ్లమ్మ బజార్లో రవికలు కుట్టేది, ఒళ్లు కొలవనిదే గుడ్డ మీద కత్తెర పెట్టేది కాదు.

"నలభై గళ్ల సంగతి తెలిస్తే మా అమ్మ టేపుతోనే బాదేది నంగీ," అంది నాతో, చెల్లెలితో అన్నట్టే.

"మరి తీసుకున్న చోటు ఎవరు తిరిగిస్తారక్కా?"

"మనమే. చీటీ అచ్చవగానే వదిలెయ్యాలి. మర్చిపోయామా, చీటీ చీటీకీ కాస్త మింగుతూ మిషన్ ఓ రోజు కూలబడుతుంది."

"అసలు చోటే దొరక్కపోతే?" అన్నాడు మహత్తయ.

"దొరకలేదని చెప్తుంది. అప్పుడు చీటీ ఖాళీగా వదిలేస్తాను."

"పిచ్చా? సగం పేరైనా వెయ్యి. ఆసుపత్రి పని ఆగకూడదు."

అక్క కుర్చీ తిప్పి ఆయన మొహంలోకి చూసింది. "సగం పేరు కన్నా ఖాళీ చీటీ నయం మహత్తయా. ఖాళీది చూస్తే నర్సు ఇదేంటని అడుగుతుంది. సగం పేరైతే నమ్మేస్తుంది."

ఆయన సరే కానిమ్మన్నాడు. ఆ క్షణాన అక్కంటే నాకు ఎంత గర్వంగా అనిపించిందో!

ఈసారి పరీక్షకు అక్క తన నిండు పేరే కొట్టింది. అధికారి ముదియన్సేలాగే గుణరత్న మేణికే యసోమాలి. ఆరేళ్లు పక్క బల్ల మీద కూర్చున్నాను గానీ ఆ పేరు నేను చూడటం అదే మొదలు. చీటీ చివర యసోమాలి చెక్కుచెదరకుండా ఉంది.

ఆటోలో వెళ్లి ఒంటిగంటన్నరకల్లా కొత్త ప్రోగ్రాం ఎక్కించాం. పియసీలి రెండు కొత్త చీటీలు ఎగాదిగా చూసి, మళ్లీ రక్తం తియ్యడానికి ఖాళీ సీసాలకు అంటించి, మమ్మల్ని కూడా వార్డులోకి రమ్మంది. తప్పయితే అక్కడే కడిగేద్దామని కాబోలు. పక్కపక్క మంచాల మీద ఆ ఇద్దరూ ఉన్నారు.

"హేరత్ ముదియన్సేలాగే తికిరి బండాలాగే" అని మొదలుపెట్టగానే, పొద్దుటి అలవాటుకొద్దీ ఇద్దరి చేతులూ కదిలాయి. అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. నర్సు ఊపిరి తీసుకుని చీటీని చివరిదాకా చదివింది.

"సుదు మేణికే!"

ఒక్క చెయ్యే లేచింది. సీలవతి తన చెయ్యి దుప్పట్లోకి లాక్కుంది.