దిక్కుల గుర్తు లేని ప్లాను

గౌరికి యాభై రెండేళ్లు. నేపర్‌విల్ స్టేషన్లో పొద్దున ఆరున్నర రైలెక్కి, సీట్లో కూలబడగానే కళ్లు మూసుకుంటుంది. పదకొండేళ్లుగా పక్క సీటు నాది. షికాగోలో ఒక చిన్న ఆర్కిటెక్టు ఆఫీసులో ఆమె డ్రాఫ్టింగ్ చేస్తుంది. గుంటూరులో పాలిటెక్నిక్ చదివి వచ్చింది. ఇక్కడి లైసెన్సు పరీక్షలు రాసే ఓపిక ఏనాడూ మిగల్లేదు. ఎవరో ఊహించిన మెట్లూ, బాత్రూములూ, పార్కింగ్ గీతలూ గీస్తూ వయసంతా అరగదీసింది. ఆమెను చూస్తే నాకు జాలికన్నా కోపమే ఎక్కువ వచ్చేది. ఇంత పని తెలిసిన మనిషికి నోరెందుకు లేదని.

నిరుడు చలికాలం వాళ్ల ఆఫీసుకి ఒక మ్యూజియం నుంచి వింత పని వచ్చింది. పోలండ్‌లో ఒక చిన్న ఊళ్లో, యూదులు మూడు వందల ఏళ్ల కిందట చెక్కతో కట్టుకున్న ప్రార్థనాలయాన్ని ప్రదర్శన కోసం కంప్యూటర్లో మళ్లీ కట్టాలి. సినగాగ్ అంటారు. 1941లో జర్మన్ సైన్యం దాన్ని తగలబెట్టింది. మిగిలినవల్లా ఏడు ఫొటోలు, యుద్ధానికి ముందు విద్యార్థులెవరో కొలిచి గీసిన ఒక ప్లాను.

గౌరి రైల్లో కళ్లు మూసుకోవడం మానేసి, దారంతా ఆ సినగాగ్ గురించే చెప్పేది. బయటి నుంచి మూడంచెల కప్పుతో ధాన్యపు కొట్టులా మొద్దుగా ఉంటుందట. లోపలికి నాలుగు మెట్లు దిగాలట. తలెత్తితే మాత్రం, ఆ కప్పు కడుపులో ఇంకో కప్పు. పలకలు వంచి చేసిన గుమ్మటాన్ని పైదూలాలకి వేలాడదీశారట. దాని నిండా తీగలు, లేళ్లు, సింహాలు. నడిమధ్య నాలుగు స్తంభాల నడుమ గ్రంథం చదివే వేదిక. ఎదురు గోడకి గ్రంథాల అల్మరా, దాని పైన కిటికీలు. గుమ్మం పైన ఆడవాళ్ల గది. గోడలో జానెడు చీలిక ఉంటుంది, వాళ్లు చూడాల్సింది అందులోంచే.

పని అయ్యాక మ్యూజియం వాళ్లు హన్నా అనే ఆవిణ్ని ఆఫీసుకి తీసుకొచ్చారు. తొంభై మూడేళ్లు. ఆ భవనం లోపల నిలబడినవాళ్లలో బతికున్నది ఆవిడొక్కతే. ఆడవాళ్ల గదిలోంచి పొద్దుటిపూట ఎలా ఉంటుందో గౌరి తెర మీద చూపించింది. ఎండ వస్తున్న వైపు తప్పు అని ఆవిడ వెంటనే అంది. పొద్దుటి ప్రార్థనప్పుడు ఎండ ఎదురుగా వచ్చి, చీలికలోంచి కళ్లలో పడేదట. తెర మీద అది వీపు వెనక నుంచి వస్తోంది. చిన్నప్పటి జ్ఞాపకాలు కలగాపులగమవుతుంటాయని మ్యూజియం పెద్దమనిషి మర్యాదగా సర్దిచెప్పాడు. కొలతల ప్రకారమే గీశానని గౌరీ అంది. అయితే నాకే గుర్తులేదేమో అని ఆవిడ కోటు తొడుక్కుంది.

మూడు వారాల తర్వాత, మా రైల్లోనే వచ్చే అలేఖ్య తన ఇంటి వేట గురించి చెబుతోంది. ఇల్లు బాగుందట, స్కూలు దగ్గరట, కానీ గుమ్మం పడమరకట, అందుకని వద్దనుకున్నారట. మనవాళ్ల తూర్పు గుమ్మం పిచ్చి మీద నేను ఎప్పటిలాగే విసుక్కున్నాను. గౌరి బ్యాగులోంచి పాత ప్లాను నకలు తీసి అటూ ఇటూ తిప్పింది. దాని మీద దిక్కుల గుర్తు లేదు. ఆ తర్వాత ఫోన్లో ఏదో వెతికింది.

"యూదులు తూర్పుకి తిరిగి ప్రేయర్ చేస్తారు. జెరూసలేం అటే కదా," అంది. "అల్మరా తూర్పుకి, దాని ఎదురుగా డోర్ పడమరకి ఉండాలి. నేను ఎవర్నీ అడగలేదు. డోర్ అనగానే చెయ్యి దానంతటదే తూర్పుకి పెట్టేసింది."

మ్యూజియం వాళ్లు చెక్కపని వరకే సరిచూశారు. ఎండ ఎటు నుంచి రావాలో ప్రోగ్రాముకి చెప్పింది గౌరి ఒక్కతే. తప్పు సంగతి చెబితే ఆఫీసు మేనేజరు వదిలెయ్యమన్నాడు. ప్రదర్శన మొదలైపోయింది, ఎవరూ గుర్తుపట్టలేదు, ఎందుకు తవ్వడం అని. గౌరి వాదించలేదు, ఆమెకి ఆ శక్తి ఎక్కడిది? శనివారం ఒక్కతే కూర్చుని సరిచేసి, తప్పు తనదేనని రాసి మ్యూజియానికి పంపేసింది. హైవే మీద కారు నడపడం భయమని ఆదివారం నన్ను తోడు రమ్మంది. షికాగో పక్కనే ఉన్న స్కోకీలో హన్నాగారి అపార్ట్‌మెంటుకి వెళ్లాం.

గౌరి ఇంగ్లీషులో రెండే మాటలు చెప్పింది. గుర్తులేనిది మీకు కాదు, తప్పు గీసింది నేను అని. లాప్‌టాప్ తెరిచింది. చీలికలోంచి ఎండ సూటిగా వచ్చి తెరంతా తెల్లబడింది.

హన్నాగారు తెర మీదికి వంగి చూశారు. ఏడవలేదు. అలసిపోయిన గొంతుతో మెల్లగా చెప్పారు.

"నాకు నాలుగేళ్ల చెల్లెలుండేది. దానికి ఫొటో లేదు. దాని పేరు ఏ కాగితంలోనూ దొరకలేదు. ఆ ఎండకి అది మొహం తిప్పేసుకుని నా గౌనులో దాక్కునేది. నాకు గుర్తున్నది అదొక్కటే. ఈ మూడు వారాలూ, నాకసలు చెల్లెలే లేదేమో అనుకున్నాను."