చెరువు గట్టున నేవీ క్యాడెట్

మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే బస్సులో నా పక్కన తెల్ల యూనిఫాం వేసుకున్న అమ్మాయి కూర్చుంది. కాలేజీలో నేవీ క్యాడెట్‌నని చెప్పింది. సముద్రమే లేని చోట నేవీ ఏమిటని నేను నవ్వాను.

కంభం చెరువు దగ్గర జనం అడ్డం వచ్చి బస్సు ఆపారు. గొర్రెలు కడగడానికి దిగినాయన లోతులోకి జారి, మునుగుతూ తేలుతూ ఉన్నాడు. మేమంతా బస్సు దిగి గట్టు మీద కొయ్యబారి నిలబడ్డాం. ఒక యువకుడు చొక్కా విప్పబోతే ఆ అమ్మాయి అతని చెయ్యి పట్టుకుంది.

"దూకొద్దన్నా, నిన్నూ లాగేస్తాడు. అక్కా, సంచిలో చీరలుంటే ఇయ్యి."

రెండు చీరలిచ్చాను. వాటిని కలిపి ముడివేసి, కొసకు నీళ్ల సీసా కట్టి విసిరింది. మొదటిసారి అందలేదు. రెండోసారి ఆయన పట్టుకున్నాడు. అందరం కలిసి లాగాం. ఒడ్డున పడి చాలాసేపు దగ్గి, ఆయన గొర్రెల కోసం వెతుక్కున్నాడు.

బస్సు కదిలాక కూడా ఆ అమ్మాయి తడిచీరల ముడి విప్పుతూనే ఉంది.

"ఈత బాగా నేర్పించారా అమ్మా?" అని అడిగాను.

"ఇంకా లేదక్కా. ముడులెయ్యడం, తాడు విసరడమే నేర్చుకున్నాను. నేను గూడా పడింటే మునిగిపోయేదాన్నే."

నేను ఆ అమ్మాయి చేతులు పట్టుకున్నాను. గిద్దలూరు వచ్చేదాకా ఆ చేతులు వదల్లేదు.