కోతుల్ని తరిమిన పాట

మొన్న ఆదివారం కత్తిపీట ముందు కూర్చుని పప్పులోకి మామిడికాయ తరుగుతున్నాను. హాల్లో మా అమ్మాయి ఫోన్లో ఏదో ఇంగ్లీషు పాట పెట్టింది. గిటారు తీగలు గలగలమంటున్నాయి, చేతినిండా గాజులున్నావిడ గిన్నెలు తోముతున్నట్టు. నేనూ కూనిరాగం అందుకున్నాను. హాయిగానే ఉంది. అమ్మాయి గుమ్మంలోకి వచ్చి నవ్వేదాకా, పాటకంటే నేనే ముందు పోతున్నానని నాకు తెలియలేదు.

"ఎప్పటి పాటో ఇది, నాకే నిన్న దొరికింది. నీకెలా వచ్చమ్మా?"

ఎలా వచ్చిందో అప్పుడు గుర్తొచ్చింది. ముప్పయ్యేళ్లకు పైగా ఆ పాట నా చెవిన పడలేదు. మరిచిపోయానన్న సంగతి కూడా మరిచిపోయాను. ఇంత హాయిగా పాడుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

అది మా అన్నయ్య పాట. నాకంటే రెండేళ్లే పెద్ద, అందుకే వాడు అనేస్తాను. నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే దారిలో మా మామిడితోట. కాయ ముదిరే రోజుల్లో కోతుల కాపలా వాడిది. పక్క తోటల్లో డబ్బాలు కొట్టేవాళ్లు. వీడు టేప్‌రికార్డర్ కొమ్మకు తగిలించి పెద్ద సౌండుతో పెట్టేవాడు. తెలుగు పాటలకు కోతులు అలవాటుపడిపోయాయనీ, కూర్చుని మరీ వింటున్నాయనీ నాన్నకు చెప్పి, బెజవాడ వెళ్లి ఈ పాట రికార్డు చేయించుకొచ్చాడు. క్యాసెట్టు రెండు వైపులా ఇదొక్కటే. "ఇంకేం వద్దాండీ?" అని షాపతను రెండుసార్లు అడిగాడట. కోతుల పేరు చెప్పాడు గానీ మోజు వాడిదే. ఒక వైపు అయిపోగానే దానంతటదే రెండో వైపు తిరిగే సెట్టు అది. ఆపితే తప్ప ఆగేది కాదు.

ఇంటర్ సెలవుల్లో వాడికి మధ్యాహ్నం క్యారియర్ నేనే తీసుకెళ్లేదాన్ని. గట్టు మీద నేను కనబడగానే సౌండు తగ్గించి, "రావే, ఆకలి దంచేస్తోంది" అని కేకేసేవాడు.

ఆ రోజు పొద్దున ఇద్దరం పోట్లాడుకున్నాం. నా రేడియోలో సెల్లులు పీకి టేప్‌రికార్డర్లో వేసుకుపోయాడు. మధ్యాహ్నం నేను గట్టెక్కేసరికి పాట మోగుతోంది. ఎంతకీ తగ్గలేదు. అలిగాడనుకున్నాను. సెల్లులు తీసింది తను, అలక కూడా తనదేనా? నాకూ పంతం వచ్చింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, అప్పుడూ ఇప్పుడూ. పిలిచేదాకా కదలనని క్యారియర్ పక్కన పెట్టుకుని గట్టు మీదే కూర్చున్నాను. పాట అయిపోయేది, మళ్లీ మొదలయ్యేది. చివరికి నాకే ఆకలేసి లేచాను.

చెట్టు కింద ఎండుటాకుల మీద పడి ఉన్నాడు. చీలమండ దగ్గర పాము కాటు. నోటి పక్కన నురగ. పైన పాట మోగుతూనే ఉంది. నా కేకలకు పక్క తోటవాళ్లు పరిగెత్తుకొచ్చి ట్రాక్టర్ మీద తీసుకెళ్లారు. ఆసుపత్రి చేరేసరికి ఏమీ మిగల్లేదు. "ఓ అరగంట ముందు తెచ్చుంటే చూసేవాళ్లమండీ" అన్నారు డాక్టరు. నేను వెళ్లేసరికే పడిపోయి ఉన్నాడని నాన్నతో చెప్పాను. అది అబద్ధం కాదు. గట్టు మీద కూర్చున్న సంగతి మాత్రం చెప్పలేదు. అమ్మానాన్నలు ఆ మాటే నమ్మి పోయారు.

అమ్మాయికి మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాను. అది నా పక్కన నేల మీద కూర్చుంది.

"పాట మోగుతుంటే బాగానే ఉన్నాడనుకుంటారమ్మా ఎవరైనా. నీ తప్పేముంది?"

ఈ మాట ఎవరో ఒకరు అనాలని ఇన్నేళ్లూ కోరుకున్నాను. అన్నాక చూస్తే ఏమీ తేలిక కాలేదు. తోట పెద్దదేం కాదు. మామూలు కేకైనా గట్టు దాకా వినబడుతుంది. ఆ రోజు సౌండు తగ్గించడానికి వాడు లేవలేకపోయాడు. లేవలేనివాడు ఏం చేస్తాడు? పిలిచే ఉంటాడు. అంత మోతలో నాకేం వినబడుతుంది? గట్టు మీద కూర్చుని, కోపంలో ఉండి కూడా, కాలితో తాళం వేస్తూ ఆ పాటే విన్నాను.