తలుపు మూసిన గదిలో పాదరసం

ఆ ఉదయం అన్న మునిరత్నం చేతిలోంచి రాగి కలశం జారి బండ మీద పడింది. సగం బంగారు పూత పూసిన కలశం. అది పడినందుకు కాదు, ఎత్తబోయిన చేయి ఆగకుండా వణికినందుకు అందరం భయపడ్డాం.

మాది తిరుచానూరులో పూతపని చేసే ఇల్లు. నేను పత్రికలో చేరాను. నాయన పని అన్నకు వచ్చింది. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్దచేసి, రాగికి పూసి, బొగ్గుల మీద కాలుస్తారు. పాదరసం ఆవిరై పోతుంది, బంగారం నిలుస్తుంది. గుడి సామానుకు ఊపిరి తగలకూడదని అన్న మూతికి గుడ్డ కట్టుకునేవాడు. గాలికి బూడిద లేచి పూత మచ్చపడుతుందని తలుపూ కిటికీ మూసేవాడు. నాయనా అలాగే చేసేవాడు. పని ముగిశాక వదిన ఆ గది ఊడ్చేది.

అంతకుముందే అన్నకు చిగుళ్లు వాచాయి, నోట్లో నీళ్లు ఊరేవి. చిత్తూరులో ఒక డాక్టరు పయోరియా అని పళ్లు పీకాడు. వణుకు మొదలైనా అన్న లెక్కచేయలేదు. "వాతమబ్బా. నాయనకూ ఇట్లనే వచ్చినాది."

పాకాల మీదుగా రైల్లో అన్ననూ వదిననూ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు ఏం పని చేస్తావని అడిగితే అన్న "దేముడి పని" అన్నాడు.

"పాదరసం కాలస్తాడు సామీ, తలుపేసుకోని," అంది వదిన.

డాక్టరు రాయడం ఆపి ఆమె వైపు చూశాడు. యూరిన్ టెస్టులో మెర్క్యురీ తేలింది.

యుద్ధకాలంలో విషవాయువుకు విరుగుడుగా ఇంగ్లీషువాళ్లు కనిపెట్టిన బాల్ అనే మందు ఇంజెక్షన్‌గా ఇచ్చారు. ఎలా పనిచేస్తుందని అడిగాను. "మెర్క్యురీ ఒంట్లో గంధకం ఉన్నచోటల్లా అతుక్కుంటుంది. ఈ మందులో ప్రతి అణువుకూ రెండు గంధకాలు. ఎండ్రకాయ రెండు డెక్కలతో పట్టినట్టు లోహాన్ని మధ్యన పెట్టి బిగిస్తుంది. ఒక డెక్క పట్టు కంటే జంట పట్టు గట్టిది. దాన్ని కీలేట్ కాంప్లెక్స్ అంటాం. అది మూత్రంలో బయటికి పోవాలి," అన్నాడు డాక్టరు.

మందు వేరుశెనగ నూనెలో కలిపి ఉంటుందని నర్సు చెప్పింది. "మన సెనక్కాయ నూనేనా? సీమకు పొయ్యి సూదిలో తిరిగొచ్చినాదే," అన్నాడు అన్న. వార్డంతా నవ్వింది.

సాయంత్రానికి వాంతులు, జ్వరం. బీపీ పెరిగింది. కిడ్నీలు తట్టుకోవాలని ఇంజెక్షన్లు ఆపి, మళ్లీ మొదలుపెట్టారు. చిగుళ్లు మానాయి. మూత్రంలో మెర్క్యురీ తగ్గింది. చేయి మాత్రం నిలవలేదు.

"మందు లోహాన్ని తీస్తుంది. నరాలకు తగిలిన దెబ్బను తీయలేదు," అన్నాడు డాక్టరు.

"అట్లయితే పూత?" అని అడిగాడు అన్న. డాక్టరు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

తిరుగు ప్రయాణంలో పాకాల స్టేషనులో అన్న చేతిలోని కాఫీ లుంగీ మీద ఒలికింది. వదిన గ్లాసు అందుకుని తాగించబోతే అన్న కిటికీ వైపు తిరిగాడు.

ఇప్పుడు చొక్కా గుండీలు వదినే పెడుతుంది. కలశం గోడవార అలాగే ఉంది. ఎవరైనా అడిగితే "సల్లారుతుండాది లేప్పా" అంటాడు అన్న.

పూతపని వాళ్లకు ఒక్క మాట. మూతిగుడ్డ పాదరసం ఆవిరిని ఆపదు. ఆరుబయట, పొగ మీదికి రాకుండా కూర్చుని చేయండి. డాక్టరు అడిగితే చేసే పని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ గది ఊడ్చేవాళ్లనూ చూపించండి.

ఈ మధ్య వదిన చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోంది. ఆమె యూరిన్ టెస్టుకు పంపాం. జవాబు ఇంకా రాలేదు.